కొబ్బరి, అవకాడో, ఆయిల్ పామ్: కొవ్వున్న పండ్లలో ఏది మేలు?

మామిడిపండులోనో అరటిపండులోనో కొవ్వు వెతికితే 100 గ్రాములకు అర గ్రాము కూడా దొరకదు. ఈ లెక్కకు లొంగని పండ్లు ఉష్ణమండలంలో కొన్ని ఉన్నాయి. వాటిలో మన వంటింటికి సంబంధమున్నవి మూడు: తరతరాల కొబ్బరి, ఈమధ్యే సూపర్ మార్కెట్లో కనిపిస్తున్న అవకాడో, పండుగా ఎప్పుడూ తినకపోయినా నూనెగా తరచూ లోపలికి పోయే ఆయిల్ పామ్. రిపోర్టులో కొలెస్ట్రాల్ కాస్త పెరిగిందని తెలియగానే చాలామంది కొబ్బరి మానేసి అవకాడో మొదలుపెట్టేస్తున్నారు. అంత టెన్షన్ అవసరమా?

ముందు అంకెలు చూద్దాం. 100 గ్రాముల పచ్చికొబ్బరిలో కొవ్వు 33 గ్రాములు, అందులో దాదాపు 30 గ్రాములు చెడు కొలెస్ట్రాల్ పెంచే సంతృప్త కొవ్వే. అదే బరువున్న హాస్ రకం అవకాడోలో మొత్తం కొవ్వు 15 గ్రాములు, సంతృప్తం 2 గ్రాములు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆలివ్ నూనెలో ఉండే ఓలియిక్ ఆమ్లం, అంటే అసంతృప్త కొవ్వు. కేలరీలు కొబ్బరిలో 350, అవకాడోలో 160. పీచు మాత్రం రెండింటిలోనూ బాగానే ఉంది, కొబ్బరిలో 9 గ్రాములు, అవకాడోలో 7.

ఇక్కడితో ఆపితే అవకాడో గెలిచినట్టే. కానీ ఒక్క మనిషి ఒక్క పూటలో 100 గ్రాముల కొబ్బరి ఎక్కడ తింటాడు? నలుగురికి ఇడ్లీలోకి పచ్చడంటే ఒక చిప్ప కొబ్బరి, గుప్పెడు పుట్నాలపప్పు, పచ్చిమిర్చి, పైన పోపు. మనిషికి 30 గ్రాముల కొబ్బరి పడుతుందనుకుందాం. కొవ్వు 10 గ్రాములు, అందులో సంతృప్తం 9. అవకాడో సగం కాయ తిన్నా వచ్చే కొవ్వు సుమారు 10 గ్రాములే, కాకపోతే సంతృప్తం ఒకటిన్నర గ్రాము. అంటే బరువు తగ్గడానికి అవకాడో తింటున్నామనేవాళ్లకు పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. తేడా అంతా కొవ్వు రకంలోనే ఉంది.

రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి సంతృప్త కొవ్వు 22 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పచ్చడికి 9 పోయాయి. మధ్యాహ్నం పప్పన్నంలో ఒక పెద్ద చెంచా నెయ్యి వేస్తే ఇంకో 8. పాలు, పెరుగు, సాయంత్రం బిస్కెట్లు మిగిలే ఉన్నాయి. కాబట్టి నేనైతే కొబ్బరి పచ్చడి మానమనను. పచ్చడి చేసిన రోజు నెయ్యి తగ్గించమంటాను, పుట్నాలపప్పు ఇంకో గుప్పెడు ఎక్కువ వేయమంటాను.

కొబ్బరి ముక్కకూ కొబ్బరినూనెకూ మధ్య తేడా చాలామంది పట్టించుకోరు. పసిఫిక్ దీవులైన టోకెలావు, పుకాపుకాల్లో చేసిన అధ్యయనం 1981లో వచ్చింది. టోకెలావు వాళ్లకు ఒంట్లోకి వచ్చే శక్తిలో సగానికి పైగా కొబ్బరి నుంచే. కొలెస్ట్రాల్ పుకాపుకా వాళ్లకంటే ఎక్కువే ఉంది, గుండె, రక్తనాళాల జబ్బులు మాత్రం అరుదు. అయితే వాళ్లు తిన్నది చేపలతో పాటు కొబ్బరి, పంచదార నామమాత్రం. దాన్ని చూపించి బిర్యానీ, మిర్చిబజ్జీలు తినే మనం ధీమా పడితే కుదరదు. నూనె సంగతి ఇంకొంచెం తేటగా ఉంది. 2020లో పదహారు అధ్యయనాలను కలిపి చూస్తే, పొద్దుతిరుగుడు, ఆలివ్ లాంటి నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె చెడు కొలెస్ట్రాల్‌ను డెసిలీటరు రక్తానికి 10 మిల్లీగ్రాముల దాకా పెంచింది. మంచి కొలెస్ట్రాల్‌ కూడా 4 పెరిగింది గానీ, గుండెకు దానివల్ల లాభమని చెప్పడం కష్టం. కొబ్బరినూనె అంటే పీచు, నీరు పోయి కొవ్వొక్కటే మిగిలిన పదార్థం. కోనసీమలో ఇంటిచుట్టూ కొబ్బరిచెట్లున్నా కూరకు పోపు కొబ్బరినూనెతో పెట్టరు, ఆ నూనె తలకే. పొద్దున్నే కాఫీలో రెండు చెంచాల కొబ్బరినూనె కలుపుకునే కొత్త ఫ్యాషన్‌ కంటే ఆ అలవాటే నయం.

అవకాడోను కూడా మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. అమెరికాలో నడుము చుట్టుకొలత ఎక్కువున్న దాదాపు వెయ్యిమందిలో సగం మంది చేత ఆరు నెలలపాటు రోజుకో కాయ తినిపించారు. పొట్టలోని కొవ్వు తగ్గలేదు, చెడు కొలెస్ట్రాల్ రెండు మూడు మిల్లీగ్రాములు తగ్గింది. ఉన్న తిండికి అదనంగా తింటే వచ్చేది ఆ మాత్రమే. బ్రెడ్డు మీద వెన్నకు బదులు రాస్తే, శాండ్‌విచ్‌లో మయొనీజ్ తీసేసి పెడితే అప్పుడు లెక్క మారుతుంది. అమెరికాలో మనవాళ్లు చాలామంది దాని గుజ్జును చపాతీ పిండిలో కలిపేస్తారు, నూనె పోయకుండానే చపాతీ మెత్తగా వస్తుంది. ఎక్కువసేపు వేడి చేస్తే మాత్రం చేదెక్కుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర తరిగి, గుజ్జు మెదిపి నిమ్మకాయ పిండితే పెరుగుపచ్చడికి దగ్గరి చుట్టంలా ఉంటుంది. నాకు నచ్చింది అదొక్కటే.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. ఈ కాయ చెట్టున పండదు, కోశాకే మెత్తబడుతుంది. తొడిమ ముక్క గిల్లితే కింద పచ్చగా ఉండాలి, గోధుమరంగుంటే లోపల చెడిందన్నమాటే. టాంజానియా లాంటి దేశాల నుంచి వచ్చే నల్లటి గరుకు తొక్క హాస్ ఖరీదెక్కువ. కొడగు, నీలగిరి వైపు నుంచి వచ్చే పెద్ద పచ్చకాయల్లో చాలావాటికి నీరెక్కువ, వెన్నలాంటి గుజ్జు తక్కువ. కొబ్బరి ధర ఈమధ్య తక్కువేం కాకపోయినా, ఒక మంచి హాస్ కాయ డబ్బుతో ఇల్లంతటికీ పచ్చడి అవుతుంది. కోరిన కొబ్బరిని ఫ్రీజర్లో పడేయొచ్చు, కోసిన అవకాడో మర్నాటికే నల్లబడుతుంది.

ఇక ఆయిల్ పామ్. ఏలూరు దగ్గర పెదవేగిలోనో అశ్వారావుపేటలోనో తోటల్లో ఎర్రటి గెలలు కనిపిస్తాయి. గుజ్జులో సగం దాకా నూనే. గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేర్చకపోతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. నైజీరియా, ఘనాల్లో ఆ పండ్లను ఉడికించి దంచి, రసం పిండి పులుసు కాస్తారు. అక్కడి ఎర్రనూనెలో ఒంట్లో విటమిన్ ఎగా మారే కెరోటిన్ పుష్కలం. మనకొచ్చేది శుద్ధి చేసిన పామోలిన్, ఆ ఎరుపూ కెరోటినూ అప్పటికే పోయుంటాయి. గుజ్జు నూనెలో సంతృప్తం సగం, గింజ నూనెలో 80 శాతం పైనే, అంటే కొబ్బరినూనెకు దీటే. బిస్కెట్లు, క్రీముల ప్యాకెట్ల మీద చిన్న అక్షరాల్లో ఉండేది చాలాసార్లు ఈ రెండు నూనెలే. మూడింట్లో ముందు తగ్గించాల్సింది ఏదంటే, నా ఓటు ఈ ప్యాకెట్లకే. ఆ తర్వాతే పచ్చడి జోలికి వెళ్లండి.

కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోమన్నవాళ్లకు ఈ పోలిక పనికిరాదు. 100 గ్రాముల అవకాడోలో పొటాషియం 480 మిల్లీగ్రాములు, పచ్చికొబ్బరిలో 350. ఏది ఎంత తినాలో వాళ్లు డాక్టర్‌నే అడగాలి. కొబ్బరినీళ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.