ఒకే స్టేజా, రెండు స్టేజులా?

సరదాకి రాకెట్లు ఎగరేసే మా క్లబ్బులో ఎవరైనా "ఈసారి లక్ష అడుగుల ఎత్తు" అన్నారంటే వెంటనే మొదలయ్యే గొడవ ఇదే. ఒక్క పెద్ద మోటార్‌తో ఒకేసారి తన్నేద్దామా, లేక రెండు చిన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, కిందిది అయిపోయి విడిపోయాక పైది వెలిగిద్దామా? అలా పేర్చిన ఒక్కో భాగమే ఒక స్టేజ్.

కాగితం మీద రెండు స్టేజులదే పైచేయి. కింద గాలి దట్టంగా ఉన్నచోట వేగం రెట్టింపైతే డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, సుమారు నాలుగింతలవుతుంది, అందుకే కింది స్టేజ్ విడిపోయాక కొన్ని సెకన్లు ఊరికే పైకి సాగనిచ్చి, గాలి పలచబడ్డాక రెండోది వెలిగిస్తే అదే ఇంధనంతో చాలా ఎక్కువ ఎత్తు దక్కుతుంది. చిక్కంతా ఆ వెలిగించే క్షణంలోనే. రాకెట్ వంగి ఉండగా మోటార్ అంటుకుందా, ఇక అది పైకి కాదు, పక్కకి పోతుంది. అందుకే ఫ్లైట్ కంప్యూటర్ వంపు, ఎత్తు చూసి, తేడా ఉంటే మోటార్‌ని అంటించే ఇగ్నైటర్‌కి కరెంటు ఇవ్వకుండా ఆపాలి. ఆ లాక్ లేకుండా ఎగరేస్తామనే వాళ్ల పక్కన నేనైతే నిలబడను.

ఒకే స్టేజ్‌లో ఆ టెన్షన్ లేదు. కానీ మోటార్ సైజును సూచించే ఇంగ్లిష్ అక్షరం ఒకటి పెరిగితే ఇంపల్స్ (మోటార్ మొత్తంగా ఇచ్చే తోపు) పరిధి రెట్టింపు, ఖర్చుదీ అదే దారి. పైగా కిందే విపరీతమైన వేగం అందుకోవడంతో ఫిన్ల (రాకెట్‌ని నిటారుగా ఉంచే తోక రెక్కల) అంచులు మాడిపోతాయి, వాటిని అంటించిన ఎపాక్సీ జిగురు మెత్తబడితే ఫిన్ ఊడిపోవచ్చు కూడా. అయినా 2004లో నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి నుంచి సీఎస్‌ఎక్స్‌టీ అనే ఔత్సాహికుల బృందం గోఫాస్ట్ రాకెట్‌ను సుమారు 116 కిలోమీటర్ల ఎత్తుకు పంపింది ఒకే స్టేజ్‌తోనే.

పారాచూట్ తలనొప్పి మాత్రం రెండింటికీ ఒకటే: అంత ఎత్తులో గాలి ఒత్తిడి లేక, పారాచూట్‌ని బయటికి తన్నే బ్లాక్ పౌడర్ (నల్లమందు) సరిగ్గా మండదు, ఆ మందు చార్జ్‌ని గట్టిగా సీల్ చేయాల్సిందే.

మొదటిసారైతే ఒకే స్టేజ్. రెండు స్టేజులా, చిన్న మోటార్లతో తక్కువ ఎత్తులో నాలుగైదు సార్లు ఎగరేసి చూశాకే.