బ్రౌనీ మీద చక్కెరకేళా, మామిడా?

ఎనిమిదంగుళాల చదరపు ట్రేకి డార్క్ చాక్లెట్ 150 గ్రాములు, వెన్న 115, పంచదార 150, మైదా 75, గుడ్లు 2. ఇంతవరకూ రెండింటికీ ఒకటే.

రావులపాలెం మార్కెట్లో దొరికే చక్కెరకేళిని పిండితోపాటే కాల్చాలి. అరసెంటీమీటరు చక్రాలుగా కోసి పైన పరిచి, చెంచాడు పంచదార చల్లి, 175 డిగ్రీల్లో సుమారు 30 నిమిషాలు. అంచులు బంగారు రంగుకి తిరిగి పాకం పడతాయి. కాల్చాక పెట్టారో, కాసేపటికే నల్లబడతాయి. మరీ మగ్గినవైతే పిండిలోకి దిగిపోయి మధ్య పచ్చిగా ఉండిపోతుంది.

మామిడికి 25 నిమిషాలు చాలు. బ్రౌనీ పూర్తిగా చల్లారాకే ముక్కలు పెట్టాలి. వేడి మీద పెడితే రసం ఊరి నానిపోతుంది. బంగినపల్లి ముక్క నిలుస్తుంది, చిన్నరసం నిలవదు. (రసాలు జుర్రుకోడానికేగా!) తడిని బట్టతో అద్దండి.

అమలాపురం బస్సులో పట్టుకెళ్లి పదిమందికి పంచాలంటే మాత్రం చక్కెరకేళే.