జాగ్రత్త: ‘స్టూడియో కండెన్సర్ కిట్’ చవగ్గా వస్తోందని మైకు కొనేయకండి

ఇంట్లో పాట, గిటారు రికార్డు చేసుకుందామని మైకు వెతుకుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. స్టాండు, షాక్ మౌంట్ (కుదుపులు ఆపే పట్టు), ఫోమ్ టోపీ, వైరు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి ‘ప్రొఫెషనల్ స్టూడియో కండెన్సర్’ (కరెంటు అందితేనే పనిచేసే సున్నితమైన మైకు రకం) అంటూ చవగ్గా అమ్మే కిట్ల గురించే ఈ హెచ్చరిక. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్నా, గుంటూరు బ్రాడీపేటలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా తేడా లేదు. ఒకటే సరుకు రకరకాల పేర్లతో వస్తుంది.

అలాంటి మైకు అడుగున ఉన్న రింగు తిప్పి, గొట్టం కిందికి లాగితే సంగతి తెలుస్తుంది. పైన పిడికిలంత జాలీ. దాని నడుమ ప్లాస్టిక్ ముక్కలో చొక్కా గుండీ అంత ఎలక్ట్రెట్ క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే ముక్క), దాన్నుంచి రెండు సన్నని తీగలు. పైన పటారం, లోన లొటారం. పెద్ద డయాఫ్రం మైకు అంటే శబ్దానికి అదిరే పొర సుమారు 25 మిల్లీమీటర్లు ఉండాలి. చిన్న క్యాప్సూల్ అయినంత మాత్రాన మైకు చెడ్డదని కాదు, చిన్న పొరతో మంచి మైకులూ ఉన్నాయి. చిన్నదాన్ని పెద్ద జాలీలో దాచి పెద్దదని అమ్మడమే మోసం.

అసలు దెబ్బ వైరు దగ్గర పడుతుంది. కిట్‌లో వచ్చే వైరుకు ఒక పక్క మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మైకు కనెక్టర్, రెండో పక్క 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉంటాయి. కంప్యూటర్ మైకు సాకెట్ ఇచ్చేది రెండు మూడు వోల్టులే. దాంతో గొంతు సన్నగా వస్తుంది, గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) పెంచితే వెనక ‘సుయ్’మనే రొద కూడా పెరుగుతుంది. ఫోన్‌కైతే నాలుగు భాగాల పిన్ను కావాలి. మూడు భాగాల పిన్ను పెడితే చాలా ఫోన్లు బయటి మైకును గుర్తించవు, లోపలి మైకుతోనే రికార్డు చేస్తాయి. కొన్నవాళ్లేమో కొత్త మైకు పనిచేస్తోందనుకుంటారు. రికార్డు చేస్తూ మైకు జాలీని గోటితో మెల్లగా గీకండి, తర్వాత ఫోన్ అంచును గీకండి. ఫోన్ గీకుడే గట్టిగా వినబడితే మైకు కలవనట్టే.

‘48 వోల్టులు’ అని అచ్చేసిన ఫాంటమ్ పవర్ పెట్టెను (మైకు వైరులోనే కరెంటు పంపేది) కూడా మాట మీద నమ్మొద్దు. మల్టీమీటర్‌ను డీసీ 200 వోల్టులకు తిప్పి, మైకు తగిలించే కొసలో నల్ల తీగ 1వ రంధ్రంలో, ఎర్ర తీగ 2లో, ఆ తర్వాత 3లో పెట్టండి. మొనలు ఒకదానికొకటి తగలనివ్వొద్దు. రెండుచోట్లా 44 నుంచి 52 మధ్య, దాదాపు సమానంగా రావాలి. బాగా తక్కువ వస్తే ఆ అంకె పెట్టెకు అలంకారం మాత్రమే. 3.5 పిన్ను మైకులను అడాప్టర్‌తో 48 వోల్టుల మీద పెట్టకండి, కాలిపోవచ్చు.

షాపులో ల్యాప్‌టాప్ పెట్టి వినిపించమని మొహమాటం లేకుండా అడగండి. పది సెకన్లు మౌనంగా రికార్డు చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. తర్వాత ముందునుంచి, వెనకనుంచి ఒకే గొంతుతో అంకెలు చదవండి. కార్డియాయిడ్ (ముందు శబ్దాన్నే ఎక్కువగా పట్టే రకం) అని రాసి ఉంటే వెనక గొంతు స్పష్టంగా తగ్గాలి.

మరి ఏది కొనాలి? గచ్చు, టైల్స్, శ్లాబు, పైన తిరిగే ఫ్యాను ఉన్న మన గదుల్లో పాటకు డైనమిక్ మైకే (కరెంటు అక్కర్లేని రకం) మేలు, గది మోత తక్కువ పడుతుంది. కాకపోతే ప్రీఆంప్‌లో (మైకు శబ్దాన్ని పెంచే భాగం) 55–60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఈ రకంలో పేరున్న ష్యూర్ ఎస్‌ఎం58కు నకిలీలున్నాయి. అసలుది 298 గ్రాములు, వంటింటి కాటా మీద పెట్టి చూడండి. తేలిగ్గా ఉంటే వెంటనే అనుమానించండి, సరిపోయినా అదొక్కటే రుజువు కాదు. గిటారు తీగల మెరుపు కావాలంటే ఆడియో టెక్నికా ఏటీ2020 లాంటి కండెన్సర్ పనికొస్తుంది, దానికి 48 వోల్టులు తప్పనిసరి. ముందు గిటారు, తర్వాత గొంతు విడివిడిగా పట్టుకుంటే ఒక్క మైకు చాలు. రెండు మైకులు ఒకేసారి పెట్టాలంటే మాత్రం ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె) రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు ఇన్‌పుట్లు ఉన్నాయో లేదో చూడండి. ‘రెండు ఇన్‌పుట్లు’ అన్నవాటిలో కొన్నింటికి రెండోది గిటారు కేబుల్‌కే.

గొంతుకు 15–20 సెంటీమీటర్ల దూరం, ముందు పాప్ ఫిల్టర్ (‘ప’, ‘బ’ల గాలిదెబ్బ ఆపే తెర). గిటారుకు 12వ ఫ్రెట్ వైపు 20–30 సెంటీమీటర్లు. గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెడితే ‘బొమ్’మని ఉబ్బుతుంది. టేకు అయ్యేదాకా ఫ్యాను కట్టేసి, పాడేవాళ్ల వీపు వెనక ఒక బొంత వేలాడదీయండి.

పార్సిల్ వస్తే విప్పుతున్నప్పుడు ఆపకుండా వీడియో తీయండి. డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్నాయో చూడండి, లేకపోతే ఫోటో తీసి ఉంచండి. బిల్లు మీద మోడల్ పేరు రాయించుకోండి, ‘మైకు 1’ అని రాస్తే ఒప్పుకోవద్దు. వాపసు గడువు దాటకముందే రాతపూర్వకంగా అడగండి. అమ్మినవాళ్లు పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.