స్టీలుకేమవుతుందిలే అనుకున్నా

2018లో పారిస్‌లో ఓ పాత సామాన్ల సంతలో కొన్నాం ఈ బల్లని. మోకాలెత్తు ఉంటుంది, లోపల చెక్క, పైన స్టెయిన్‌లెస్ స్టీలు రేకు. 1970ల నాటి ఫ్రెంచి పనే గానీ, సంతకం లేదు. నారింజ తొక్క చుట్టల్లోంచి స్టీలు కుర్చీని ఊహించిన ఫ్రెంచి డిజైనర్ మరియా పెర్గే 1968 నాటి సరుకుతో పోలిస్తే, ఇది ఆ ఇంటికి దూరపు చుట్టం.

నేను పడిపోయింది దాని బ్రష్డ్ ఫినిష్‌కి. రేకు మీద సన్నటి గీతలు ఒకే వైపుకి, పడుగు దారాల్లా సాగుతాయి. పొద్దున చూస్తే వట్టి బూడిదరంగు రేకు. నాలుగింటికి పడమటి కిటికీ ఎండ తగిలితే గీతగీతకీ వెలుగు పాకుతుంది.

వేడి గ్లాసు పెట్టినా మచ్చ పడదని కొత్తలో అందరికీ చెప్పాను. ఆ మాట నిజమే. కాకపోతే స్టీలు మీద స్టీలు గ్లాసు పెడితే వచ్చే టంగుమనే చప్పుడుకి నిద్రపోయే పిల్లాడు లేచి కూర్చునేవాడు. అందుకని సగం బల్ల మీద ఎప్పుడూ గుడ్డ పరిచే ఉంటుంది.

అసలు కథ 2020లో. కరోనా టెన్షన్‌లో కనిపించినదల్లా జావెల్‌తో తుడిచాం. జావెల్ అంటే ఇక్కడి బ్లీచు నీళ్లు, పారిస్‌లోనే ఉన్న పేట పేరు మీద వచ్చింది. ఓ రాత్రి తడిగుడ్డ బల్ల మీదే మర్చిపోయాను. తెల్లారేసరికి ఆవగింజలో సగమంత గోధుమరంగు చుక్కలు. గోటితో గీకితే మరక కాదు, గుంట! స్టీలుని తుప్పు నుంచి కాపాడేది పైనుండే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర. బ్లీచులోని క్లోరిన్ సరిగ్గా దాన్నే తినేస్తుంది. ఇదేమీ తెలియక, గిన్నెలు తోమినట్టు పీచుతో గుండ్రంగా రుద్దాను. చుక్కలు పోలేదు, పైగా సున్నాలు పడ్డాయి. ఆ తర్వాత రెండు ఆదివారాలు మెత్తటి ప్యాడ్‌తో గీతల వెంబడే రుద్దితే సున్నాలు చాలావరకు కలిసిపోయాయి. గుంటలు మాత్రం వంగి చూస్తే ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇలాంటిది కొనచ్చా అంటే ఏం చెప్పను? మాది చిన్న ఇల్లు, పిల్లాడి వేలిముద్రలు రోజూ తుడవాలి. విశాఖలో బీచ్ పక్కనుండే మా అక్క అడిగితే, ఆ ఉప్పుగాలికి వద్దనే అన్నాను. మా ఆవిడ దీన్ని అమ్మేయమంటోంది. నాలుగింటి ఎండ పడే ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఉండనీ అన్నాను.