జింప్‌లో కర్వ్స్: జయపురంలో ఆరేళ్ల వాడకం తరువాత

కొరాపుట్ జిల్లా జయపురంలో చిన్న స్టూడియో నడుపుతూ తెలుగువారి పెళ్లిళ్లు, ఒడియావారి పెళ్లిళ్లు రెండూ తీసే నాకు ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో మనసుకు నచ్చిన పనిముట్టు ఒక్కటే, కర్వ్స్. ఒక గీతను వంచి నీడలనూ వెలుగులనూ వేర్వేరుగా మార్చుకునే పనిముట్టు అది. అది తెరిచి ఉండగా ఫొటోలో ఒకచోట నొక్కితే, అక్కడి వెలుగు కర్వ్‌పై ఏ స్థానంలో ఉందో నిలువు గీత చూపిస్తుంది. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ఆ స్థానంలోనే బిందువు పడుతుంది. పెళ్లికూతురి చెంపపై అలా ఒక బిందువు పాతుకుని, ఆ వెలుగును కదలనివ్వకుండా నీడలను మాత్రమే లోతు చేసుకోవచ్చు. ఫొటో అంతటినీ ఒకే పట్టున లాగే కాంట్రాస్ట్ స్లైడర్‌ను ఈ సౌకర్యం తెలిసిన రోజునుంచి నేను ముట్టలేదు.

దీని అసలు విలువ మాత్రం మూడేళ్ల కిందట ఒక ఆల్బమ్ పాడైనప్పుడు తెలిసింది. అప్పట్లో నా ల్యాప్‌టాప్‌ది టీఎన్ రకం తెర, చూసే కోణం మారితే దానిపై వెలుగూ మారిపోతుంది. ఎత్తయిన స్టూలుపై కూర్చుని పైనుంచి చూసేవాణ్ణి కనుక నీడలన్నీ వెలిసిపోయినట్టు కనిపించేవి. పైగా రాత్రిపూట గదిలో దీపం ఆర్పి పని చేసే అలవాటు ఉండేది. చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు అదే ఫొటో తక్కువ కాంట్రాస్ట్‌తో కనిపిస్తుందని 1967లోనే బార్ట్‌ల్సన్, బ్రెనెమన్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారు. ఆ సంగతి నేను చదివింది చాలా ఆలస్యంగా. ఈ రెండు కారణాలూ కలిసి నా చేత కర్వ్‌ను అవసరానికి మించి కిందికి లాగించాయి. ఆల్బమ్ అచ్చయి వచ్చాక పెళ్లికూతురి అమ్మమ్మగారు ఒక పేజీని కిటికీ వెలుగులోకి తిప్పి, వేలితో తడిమి, “ఏటి బాబూ, పిల్ల జడ కనపడదేటి?” అని అడిగారు. నిజంగానే జడ పాయలకూ, వెనక ఉన్న ముదురు నేరేడు రంగు పట్టు జాకెట్టుకూ మధ్య తేడా లేదు. మల్లెలు మాత్రం నల్లటి మడుగులో తేలుతున్నట్టు ఉన్నాయి. ఆ పెద్దావిడ కోప్పడలేదు కానీ, ఆ జడ అల్లింది తానేనని చెప్పినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

ఇంటికి వచ్చి ఫైలు తెరిచి, మౌస్ ఉన్నచోటి వెలుగును 0 (పూర్తి నలుపు) నుంచి 255 (పూర్తి తెలుపు) వరకు చూపే పాయింటర్ డైలాగ్‌లో అంకెలు చూస్తే జడ అంతా 3కీ 9కీ మధ్యే ఉంది. అది నా తెరపై విడివిడి పాయలుగా కనిపించింది, కాగితంపై ఒకే నలుపైపోయింది. మర్నాడు 0 నుంచి 40 వరకు అయిదేసి తేడాతో బూడిదరంగు పట్టీలు చేసి అదే ల్యాబ్‌లో ప్రింటు వేయించాను. 15కు దిగువన ఉన్నవన్నీ నా కళ్లకు ఒక్కటిగానే కనిపించాయి. అప్పటినుంచి పాయలు విడిగా కనిపించవలసిన జుట్టును 20, 25 దగ్గర నిలబెడుతున్నాను. ఆ పేజీలను నా ఖర్చుతోనే మళ్లీ అచ్చు వేయించి ఇచ్చాను.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని సంగతులు చెప్పక తప్పదు. నీడలను కిందికీ వెలుగులను పైకీ లాగితే రంగులు కూడా చిక్కబడతాయి. మంగళస్నానం ఫొటోల్లో పసుపు రాసిన ముఖం నారింజ రంగుకు తిరిగిపోతుంది. ఇది జింప్ ఒక్కదాని సంగతి కాదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను ఒకేసారి లాగే ఏ కర్వ్‌కైనా ఉన్నదే. లేయర్ (ఫొటో పొర) నకలు తీసి, దానిపై కర్వ్ వేసి, ఆ పొర మోడ్‌ను వెలుగును మాత్రమే తీసుకునే ఎల్‌సీహెచ్ లైట్‌నెస్‌కు మార్చితే రంగు నిలుస్తుంది గానీ, ప్రతి ఫొటోకూ అంత ఓపిక ఉండదు. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉన్నవి 256 మెట్లే కనుక గట్టిగా లాగితే, ఏ వెలుగు ఎంత ఉందో చూపే హిస్టోగ్రామ్ దువ్వెన పళ్లలా విడిపోయి ఆకాశంలో చారలు పడతాయి. 2018లో వచ్చిన జింప్ 2.10 నుంచి 16, 32 బిట్లలో పని చేయవచ్చు, అయితే కెమెరా నేరుగా ఇచ్చే రా ఫైలును తెరవడానికి డార్క్‌టేబుల్ వంటి మరో సాఫ్ట్‌వేర్ తోడు ఉండాలి.

అంకెలు చూసి దిద్దుతున్నానని అన్నిచోట్లా వాటినే పట్టుకోవడం కూడా తప్పే. డిసెంబరులో పొట్టంగి వైపు వెళ్లి దేవమాలి కొండపై తీసిన పొగమంచు ఫొటోల్లో హిస్టోగ్రామ్ అంతా నడుమ గుట్టగా ఉంటుంది. ఆ గుట్టను రెండు చివరలకూ సాగదీస్తే మంచు పోయి రాళ్లు మిగిలాయి. ఆ చలిపొద్దులో నా కళ్లు చూసింది అది కాదు. కర్వ్‌లో పూర్తి నలుపు మొదలయ్యే బిందువును ముట్టకుండా, దగ్గరి చెట్టు ఒక్కదానికే కొంచెం లోతు ఇచ్చి వదిలేశాను.

ఇప్పుడు ఏ కోణం నుంచి చూసినా పెద్దగా మారని ఐపీఎస్ రకం తెర పెట్టుకున్నాను, వెనక గోడకు బూడిదరంగు వేయించాను, దీపం వెలిగే ఉంటుంది. నెలకు ఒకటి రెండు పెళ్లిళ్లు, ఒక్కో ఆల్బమ్‌కు 60, 70 ఫొటోలు దిద్దే నాకు ఈ పనిముట్టు సరిపోతోంది. సీజనులో రోజుకు వేయి ఫొటోలు అప్పగించవలసిన వారికి మాత్రం, ఇలా ఒక్కో జడ దగ్గర ఆగి నొక్కి చూసే తీరిక దొరుకుతుందో లేదో నేను చెప్పలేను.