ఆరేళ్లుగా మా ఇంట్లో పిల్లి: పెంచుకోవాలా అని అడిగేవారికి

బంటి మా ఇంటికి వచ్చి ఆరేళ్లు దాటింది. నల్లగొండలో పానగల్లు వెళ్లే దారిలో మాది రెండు గదుల డాబా ఇల్లు. బియ్యం బస్తాలను ఎలుకలు కొరికేస్తున్నాయని అమ్మ పోరితే తెచ్చాను. ఎలుకల కోసమే అయితే మాత్రం పిల్లిని తేవద్దు. వాటి బెడద ఎప్పుడో తీరిపోతుంది, పిల్లి పదిహేనేళ్లు బతుకుతుంది.

మొదట్లో పాలన్నం పెట్టాం. పిల్లికీ పాలకూ ఉన్న చుట్టరికం చిన్నప్పటి నుంచీ వింటున్నదే కదా! వారం తిరగకుండానే విరేచనాలు పట్టుకున్నాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవట. పైగా పిల్లి పూర్తిగా మాంసాహారి. టారిన్ అనే పోషకం అందకపోతే దాని చూపు, గుండె దెబ్బతింటాయి. మాంసం గడప దాటని ఇల్లయితే ముందు ఈ సంగతి తేల్చుకోండి. మేము దాని వాటా కోడిమాంసాన్ని ఉప్పు, ఉల్లి తగలకుండా విడిగా ఉడికిస్తాం, పిల్లుల కోసం అమ్మే గింజలు కూడా పెడతాం. ఆరో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఏటా రేబిస్ టీకా తప్పనిసరి.

అసలు కష్టం వేరే ఉంది. పిల్లి తన నొప్పి చెప్పుకోదు. మూడో ఏడు మే నెలలో, ఎండ 44 డిగ్రీలు దాటిన రోజు, బంటి మలమూత్రాలకు పెట్టిన ఇసుక టబ్బులోకి వెళ్లి కూర్చుంటున్నాడు, లేచి వస్తున్నాడు, మళ్లీ వెళ్తున్నాడు. అరుపు లేదు. ఇసుకలో వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. ఒకచోట చూపిస్తే మలబద్ధకమని మందిచ్చి పంపారు. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. మరో డాక్టరు పొట్ట తడిమి, మూత్రం దారి మూసుకుపోయిందని వెంటనే గొట్టం వేశారు. మగ పిల్లులకు ఆ దారి చాలా సన్నమట, ఆలస్యమైతే ప్రాణమే పోతుందట. అప్పటి నుంచి మూడు చోట్ల నీళ్ల గిన్నెలు పెడుతున్నాం, మాంసం ఉడికించిన నీళ్లతోనే తిండి కలుపుతున్నాం. పొద్దున్నే టీ కంటే ముందు నేను చూసేది ఆ టబ్బునే.

పిలవగానే రావాలి, గుమ్మంలో ఎదురు చూడాలి అనుకునేవారికి కుక్క మేలు. బంటి తనకు తోచినప్పుడే వస్తాడు. వచ్చి, చదువుకుంటున్న నా పాదాల మీద బరువంతా వేసి పడుకుంటాడు. నాకు అది చాలు.

ఊరెళ్తే చూసే మనిషి ఉన్నారో లేదో కూడా ముందే ఆలోచించండి. మాకు పక్కింటి పెద్దమ్మ ఉంది. దసరాకు వెళ్లిన ప్రతిసారీ ఉదయాన్నే ఫోన్ చేస్తుంది: “ఇసుక తడిగానే ఉంది బిడ్డా, నిదానంగా రా.”