రెండు ఎస్‌డీఐ రౌటర్లు, నాలుగు టై లైన్లు, ఒక కంట్రోలర్

విశాఖలో పెళ్లిళ్లు, నాట్యోత్సవాలు, గుడి ఉత్సవాలకు మల్టీ కెమెరా లైవ్ చేస్తుంటాం. కెమెరాలు, స్క్రీన్లు పెరిగి 16×16 ఎస్‌డీఐ రౌటర్ (కేబుళ్ల మీద వచ్చే 16 డిజిటల్ వీడియోల్లో దేన్నైనా 16 చోట్లలో ఎక్కడికైనా పంపే పెట్టె) చాలకపోతే, అదే మోడల్ ఇంకొకటి కొని టై లైన్లతో, అంటే ఒక రౌటర్ నుంచి ఇంకోదానికి సిగ్నల్ దాటించే కేబుళ్లతో, కలిపాం. పెట్టెలతో నాకు పేచీ లేదు. కోపమంతా ఆ రెంటినీ ఒకటిగా నడిపే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ మీదే.

అటు నాలుగు, ఇటు నాలుగు కేబుళ్లు వేస్తే ఒక్కో రౌటర్‌లో నాలుగు ఇన్‌పుట్లు, నాలుగు అవుట్‌పుట్లు వాటికే పోతాయి. చేతికి మిగిలేది 24×24. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు ఒకేసారి దాటేవి నాలుగు సిగ్నళ్లే. ఏ అడ్డూ లేని 32×32కి 1024 క్రాస్‌పాయింట్లు (ఒక ఇన్‌పుట్‌ను ఒక అవుట్‌పుట్‌కు కలిపే స్విచ్‌లు) కావాలి, ఒక 16×16లో ఉండేవి 256. అంటే నాలుగు పెట్టెలు, పైన ఒక్కో సిగ్నల్‌ను రెండుగా పంచే డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయర్లు, అవుట్‌పుట్ల దగ్గర రెంటిలో ఒకటి ఎంచే స్విచ్‌లు. మా స్థాయికి అది బరువు. సరిగ్గా వాడితే నాలుగు లైన్లు మాకు చాలు.

ఆ సరిగ్గా వాడటమే ఈ కంట్రోలర్‌కు రాదు. బీచ్ రోడ్డులో ఒక కూచిపూడి ఉత్సవం. ప్రోగ్రామ్ ఫీడ్ మొదటి రౌటర్‌లో ఉంది. స్టేజీకి రెండు పక్కల ఎల్‌ఈడీ తెరలు, రికార్డర్, స్ట్రీమింగ్ ఎన్‌కోడర్ రెండోదాని మీద. నాలుగింటికీ ఒకే ఫీడ్ కాబట్టి అది ఒక్క లైన్ మీద దాటితే చాలు, అవతలి రౌటర్ ఆ ఇన్‌పుట్‌ను ఎన్ని అవుట్‌పుట్లకైనా పంచుతుంది. ఇదేమో జగదాంబ నుంచి గాజువాకకు ఒకే ఇంటివాళ్లు నలుగురికీ నాలుగు ఆటోలు కట్టినట్టు నాలుగు లైన్లూ వాడేసింది. తరంగం మొదలైంది. మొదటి రౌటర్‌లో ఉన్న, పళ్లెం మీద పాదాల క్లోజప్‌ను బయట లాన్‌లోని తెరకు ఇవ్వమన్నారు, అదీ రెండోదాని మీదే. బటన్ నొక్కాను. లైటు వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. లైన్లు ఖాళీ లేవన్న ముక్క కూడా ప్యానెల్ చెప్పలేదు. సముద్రం పక్కన బీఎన్‌సీ కనెక్టర్లు (వీడియో కేబుళ్ల కొసలు) తుప్పు పడతాయి కాబట్టి మా కుర్రాళ్లు ముందు కేబుళ్ల మీద పడ్డారు. చివరికి కుడి తెర రూటు తీసేస్తే లాన్ తెర వెలిగింది. అప్పటికి నర్తకి పళ్లెం దిగిపోయింది.

ఇప్పుడు ప్రోగ్రామ్‌కు ఒక లైన్ శాశ్వతంగా కేటాయించి, దాన్ని కంట్రోలర్ జాబితాలోంచి తీసేశాం. అవతలి ఇన్‌పుట్‌ను మామూలు సోర్సులా వాడుతున్నాం. మిగతా మూడూ కెమెరాలకు. ఇబ్బంది చాలావరకు తగ్గింది. కానీ డబ్బులు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని మనం చేయడం ఏమిటి?

కొన్న కొత్తలో ఒకే పెద్ద రౌటర్‌లా ఉందని తోటివాళ్లకు చెప్పాను. పిక్చర్ వరకూ ఆ మాట ఇప్పటికీ నిజమే. కెమెరాలకూ, రెండు రౌటర్లకూ ఒకే సింక్ (టైమింగ్ సిగ్నల్) ఇస్తే కట్ శుభ్రంగా పడుతుంది, టై లైన్ దాటొచ్చిన సిగ్నల్‌లో తేడా కనబడదు. మాలా అటూ ఇటూ దాటేవి తక్కువైతే, ముందుగా కాగితం మీద రూట్లు రాసుకునే ఓపిక ఉంటే తీసుకోవచ్చు. ఏ సోర్సు ఎప్పుడు ఎక్కడికి కావాలో చివరి నిమిషం దాకా తెలియని పనులైతే, ఆగి ఒకే పెద్ద రౌటర్ ఫ్రేమ్ కొనండి. కాదు, ఇదే కొంటామంటే, ఒకే సోర్సును నాలుగు చోట్లకు పంపి ఎన్ని లైన్లు తింటోందో కొట్లోనే చూపించమనండి.